ఆ ఒకటి మనదా, రెండోది మనదా?

శుక్రవారం రాత్రి ఎనిమిది దాటాక మామ ఫోన్ చేశాడు. నల్గొండ వైపు పల్లె వాళ్లది. ఏప్రిల్ చివరి వారం. కోసిన వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర కుప్ప పోసి తొమ్మిది రోజులైంది, ఇంకా కాంటా కాలేదు.

"అల్లుడా, టీవీల వాన అంటున్నరు. శనివారం, ఐతారం ఉరుములు మెరుపులతోటి ఒకటి రెండు చోట్ల పడుతదట. ఆ ఒకటి మనదా, రెండోది మనదా?"

ఆ ప్రశ్న వెనుక ఒక పంట కాలం కష్టం ఉంది. వడ్లలో తేమ 17 శాతం దాటితే కాంటా ఎక్కనివ్వరు. ఒక్క జల్లు పడితే మళ్లీ రెండు రోజులు నేర్పి ఎండబెట్టాలి. రెండుసార్లు తడిస్తే గింజ రంగు మారుతుంది, మొలక కూడా వస్తుంది. అలాంటి మనిషికి "ఒకటి రెండు చోట్ల" అన్న మాట తప్పించుకునే మాటలా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎండాకాలపు మేఘం ఎలా పుడుతుందో చదివాక మాత్రం, వాతావరణ శాఖ వాడే మాటల్లో అంత నిజాయితీ గల మాట మరొకటి లేదనిపించింది. మామకు ఆ రాత్రి ఫోన్లో చెప్పగలిగింది కొంతే. మిగతాది ఇక్కడ.

ఎండిన నేల మీద నీళ్లెక్కడివి?

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత రుతువు. మన నేల మీద మాత్రం ఆ వసంతం 40 డిగ్రీల ఎండతో వస్తుంది. చెరువులు అడుగంటుతాయి, వాగుల్లో ఇసుక మేట తప్ప ఏమీ కనిపించదు. అయినా సాయంత్రం నాలుగింటికి పడమట నల్లగా కమ్ముకొచ్చి, అరగంటలో వీధి కాలువై పారుతుంది. ఆ నీళ్లు ఊళ్లోవి కావు. రెండు మూడు రోజుల క్రితం వరకు అవి బంగాళాఖాతంలో ఉన్నాయి.

ఈ నెలల్లో బంగాళాఖాతం మీద తరచుగా గాలి పీడనం ఎక్కువగా ఉంటుంది. దాని చుట్టూ గాలి గడియారం ముల్లు తిరిగే దిక్కుగా తిరుగుతుంది. అలా తిరుగుతూ మన కోస్తాకు దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి తాకి, వెచ్చటి సముద్రం మీద పీల్చుకున్న తేమను లోపలికి మోసుకొస్తుంది. మధ్యాహ్నం విజయవాడలో చొక్కా ఒంటికి అంటుకునే ఉక్కపోత ఈ గాలిదే. ఎదురుగా మహారాష్ట్ర, కర్ణాటక పీఠభూమి మీదుగా వాయవ్యం నుంచి మరో గాలి వస్తుంది. అది నిప్పుల మీద కాగినట్టు పొడిగా ఉంటుంది. పెదవులు పగిలేలా చేసే గాలి అదే.

ఈ రెండూ ఎదురుపడే చోటు ఒక పొడవాటి గీతలా ఉంటుంది. వాతావరణ బులెటిన్‌లో "విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో ద్రోణి" అని చదివేది ఈ గీత గురించే. కొన్నిసార్లు దాన్నే "గాలి విచ్ఛిన్నతి" అంటారు. వినడానికి ఎక్కడో ఆకాశంలో సంగతిలా ఉంటుంది. కానీ హైదరాబాద్ నేలే సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. అంటే ఆ ద్రోణి నగరవాసి నెత్తి మీద 400 మీటర్ల ఎత్తులోపే ఉందన్నమాట.

రెండు దిక్కుల నుంచి గాలి ఒకే గీత మీదికి వచ్చి చేరితే ఎక్కడికి పోవాలి? కింద నేల అడ్డం. పక్కలకు పోదామంటే వెనుక నుంచి ఇంకా గాలి తోసుకొస్తోంది. మిగిలింది పైదారి. అలా తేమగాలి పైకి లేవడంతోనే ఆ సాయంత్రపు వాన కథ మొదలవుతుంది.

ఎసరు మీద మూత

తేమ ఉంది, ఎండ ఉంది, పైకి లేపే ద్రోణి ఉంది. మరి పొద్దున పదింటికే వాన ఎందుకు పడదు? రెండు రాష్ట్రాలంతటా ఒకేసారి ఎందుకు పడదు?

పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టి మూత వేసిన గిన్నెను తలచుకోండి. పీఠభూమి మీద వేడెక్కిన పొడిగాలి, సముద్రం నుంచి వచ్చిన తేమగాలి మీదికి ఎక్కి పరుచుకుంటుంది. కింది గాలి కొద్దిగా లేచినా, పైనున్న ఆ వేడి పొర దగ్గరికి వచ్చేసరికి తనకన్నా చుట్టూ ఉన్న గాలే వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. అందుకని ఇక పైకి పోలేక ఆగిపోతుంది. అదే మూత. పొద్దున్నుంచీ ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలక, ఒళ్లంతా చెమటతో జిగటగా ఉన్న రోజున మనం ఆ మూత కింద ఉన్నట్టే. మూత గట్టిగా ఉన్నకొద్దీ కింద వేడి, తేమ పోగుపడతాయి. కొన్ని రోజులు మూత అసలు తెరుచుకోదు. రోజంతా ఉడికిపోయి, వాన లేకుండానే చీకటి పడుతుంది.

తెరుచుకునే రోజున మూడు, నాలుగు గంటలకు నేల బాగా కాగి, కింది గాలికి ఆ పొరను చీల్చేంత బలం వస్తుంది. ఎక్కడ చీలుతుందన్నదే మామ అడిగిన ప్రశ్న.

ఎసరు వైపే మళ్లీ చూద్దాం. ఇంకో ఐదు నిమిషాల్లో మరుగుతుందని వంటింట్లో ఎవరైనా చెప్పగలరు. మొదటి బుడగ గిన్నె అడుగున ఏ చోట లేస్తుందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. అడుగున చిన్న గీత ఉన్నచోట లేవచ్చు, మంట కొంచెం ఎక్కువ తగిలిన చోట లేవచ్చు. ఆకాశంలోనూ అంతే. ఒక గుట్ట వాలు మీద ఎండ నేరుగా పడి ఉండవచ్చు. తడిపొలం పక్కనే ఎండిన బీడు ఉండి, ఆ రెంటి మధ్య వేడి తేడా గాలిని లేపి ఉండవచ్చు. నగరంలో సిమెంటు, తారు పోగుచేసిన వేడి కావచ్చు. ఏదో ఒక చోట మూత సన్నబడుతుంది, తేమగాలి చీల్చుకుని పైకి దూసుకుపోతుంది.

మేఘం తన బలం తానే తెచ్చుకుంటుంది

ఒంటి మీద చెమట ఆరితే చల్లగా ఉంటుంది, ఎందుకంటే నీరు ఆవిరయ్యేటప్పుడు ఒంటి వేడిని పట్టుకుపోతుంది. ఆ ఆవిరే మళ్లీ నీటిబొట్టుగా మారితే, పట్టుకుపోయిన వేడిని తిరిగి ఇచ్చేస్తుంది. బళ్లో దీన్ని గుప్తోష్ణం అని చదువుకున్నాం. పైకి లేచిన తేమగాలి చల్లబడి, ఆవిరి బొట్లుగా మారుతున్నప్పుడు ఈ వేడి బయటపడుతుంది. దాంతో ఆ గాలి చుట్టుపక్కల గాలికన్నా వెచ్చగా ఉండి ఇంకా పైకి పోతుంది. పైకి పోతే ఇంకా బొట్లు, ఇంకా వేడి. పొయ్యి కింద మంట ఆర్పినా ఎసరు తనంతట తానే మరుగుతూ పోవడం లాంటిది ఇది.

అందుకే పత్రికల్లో తరచూ కనిపించే క్యుములోనింబస్ మేఘం అంత వేగంగా పెరుగుతుంది. మొదట దూదిపింజలా కనిపించింది, అరగంటలో గోపురంలా లేస్తుంది. దాని తల 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. ప్రయాణికుల విమానాలు ఎగిరే ఎత్తు సుమారు 10, 11 కిలోమీటర్లు కాబట్టి, పైలట్లు దాన్ని దాటలేక చుట్టూ తిరిగి పోతారు. ఇంత ఎత్తున్న మేఘం అడ్డంగా మాత్రం చాలాసార్లు ఐదు, పది కిలోమీటర్లే ఉంటుంది. ఉప్పల్‌లో మోకాలిలోతు నీళ్లు నిలిచిన సాయంత్రం మియాపూర్‌లో బట్టలు తీగ మీద ఆరుతూ ఉండటానికి కారణం ఇదే.

మేఘం ఆయువు కూడా తక్కువే. లోపల పెరిగిన బొట్లను పైకిలేచే గాలి ఇక మోయలేక వదిలేస్తుంది. పడుతున్న బొట్లు దారిలో పొడిగాలిని తాకి కొంత ఆవిరవుతాయి, ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి, బొట్లతోపాటే కిందికి జారి, నేలను తాకి, నిండు బిందె గచ్చు మీద ఒలికినట్టు నలువైపులా పరుచుకుంటుంది. వానకు ముందు హఠాత్తుగా చల్లగాలి వీచి, దుమ్ము లేచి, తలుపులు టపటపా కొట్టుకునేది అప్పుడే. దూరాన ఎక్కడో తడిసిన మట్టి వాసనను మన ముంగిట్లోకి తెచ్చేదీ ఈ గాలే. బులెటిన్‌లోని "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" ఇవే. అరటితోటలను పడుకోబెట్టి, మామిడికాయలను రాల్చేసేది చాలాసార్లు వాన చుక్క పడకముందే వచ్చే ఈ గాలి.

ఈ చల్లగాలి తనను కన్న మేఘానికి కిందినుంచి అందే తేమను కోసేస్తుంది. ముప్పావు గంటలో ఆ మేఘం ఖాళీ. అదే చల్లగాలి అంచు మాత్రం ముందుకు పోతూ, దారిలోని తేమగాలి కిందికి గడ్డపారలా దూరి దాన్ని పైకెత్తుతుంది. అక్కడ కొత్త మేఘం పుడుతుంది. ఇలా ఒక ఊరి వాన పది కిలోమీటర్ల అవతలి ఊరి వానకు తల్లి అవుతుంది. మధ్యలో ఉన్న ఊరికి గాలి, దుమ్మే మిగలవచ్చు.

రాళ్లవాన ఈ నెలల్లోనే ఎందుకు?

2023 మార్చి మూడో వారంలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు వడగళ్లు నేలంతా తెల్లగా పరుచుకున్న దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అంత మంచు కురిసే చోట ఎండ మాడ్చేయడం వింతగా ఉంటుంది. నిజానికి ఆ ఎండే మంచుకు కారణం.

ఈ కాలంలో మన నేలకు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుంది. దాని పైన కూడా మేఘంలోని చాలా బొట్లు వెంటనే గడ్డకట్టవు. అంటుకోవడానికి ఒక రేణువు దొరికేదాకా, సున్నా కంటే కింద కూడా నీళ్లుగానే ఉండిపోతాయి. వాటి మధ్య ఒక మంచుపలుకు తిరుగుతుంటే, తగిలిన ప్రతి బొట్టూ దాని మీద గడ్డకడుతుంది. పైకిలేచే గాలి బలంగా ఉన్నంతసేపూ అది కింద పడదు, పెరుగుతూనే ఉంటుంది. నిమ్మకాయంత వడగల్లు తయారు కావాలంటే దాన్ని మోసే గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పైకి ఊదాలి. నేల ఎంత కాగితే ఆ ఊదుడు అంత బలం. ఈసారి పెద్ద వడగల్లు దొరికితే కత్తితో మధ్యకు కోసి చూడండి. ఉల్లిపాయలో లాగా పొరలుంటాయి. ఒక పొర తెల్లగా, ఒక పొర గాజులా కనిపిస్తుంది. అది మేఘంలో ఏయే చోట్ల తిరిగిందో ఆ పొరల్లో రాసి ఉంటుంది.

జులైలో ఇలా జరగదు. అప్పటికి నేల చల్లబడి ఉంటుంది, పైకిలేచే గాలి నెమ్మదిస్తుంది, గాలి కింది నుంచి పైదాకా తడిగా ఉంటుంది. మంచు ఏర్పడినా దారిలోనే కరిగి వానగా దిగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో మధ్యనున్న పొడిగాలి పడుతున్న వడగల్లు పైతడిని ఆవిరి చేసి, దాన్ని చల్లగా ఉంచి, కరగకుండా కాపాడుతుంది.

మాటల వెనుక ఉన్న లెక్క

బులెటిన్‌లో ప్రతి మాటకూ ఒక కొలత ఉంది. ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు వరకు వాన పడేలా ఉంటే "ఒకటి రెండు చోట్ల" అంటారు. 26 నుంచి 50 శాతం అయితే "కొన్ని చోట్ల", 51 నుంచి 75 శాతం అయితే "చాలా చోట్ల", అది దాటితే "దాదాపు అన్ని చోట్ల". అంటే మామ విన్న మాటకు అర్థం అక్షరాలా ఒక ఊరో రెండు ఊళ్లో అని కాదు. వంద కేంద్రాలుంటే పాతికదాకా తడవచ్చు.

వాన ఎంత అన్నదానికీ గీతలున్నాయి. 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి, 64.4 వరకు మోస్తరు, 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల డాబా మీద 64.5 మిల్లీమీటర్లు పడితే 6,450 లీటర్లు. వేసవిలో మనం డబ్బు పెట్టి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరుకన్నా ఎక్కువ.

ఈ లెక్క ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర వరకు తీస్తారు. ఆదివారం సాయంత్రం తడిసిన వాన సోమవారం జాబితాలో ఉంటుంది. ఇక పసుపు, నారింజ, ఎరుపు రంగులు మనం ఎంత సిద్ధపడాలో చెబుతాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే కదలమని.

శుక్రవారం నాడు ఆదివారం ఎంత కనిపిస్తుంది?

ప్రతిరోజూ ఉదయం ఐదున్నరకు, సాయంత్రం ఐదున్నరకు ప్రపంచమంతటా ఒకే వేళ బెలూన్లు ఎగురుతాయి. మనవైపు హైదరాబాద్, విశాఖపట్నం లాంటి చోట్ల నుంచి వదులుతారు. వాటికి వేలాడే చిన్న పెట్టె పైకి పోతూ వేడి, తేమ, పీడనం కొలిచి కిందికి పంపుతుంది. మూత ఉందా, ఎంత ఎత్తున ఉంది, ఎంత మందం అన్నది తెలిసేది దీని వల్లే. పైనుంచి ఉపగ్రహాలు చూస్తుంటాయి. వాటిలో 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ ఒకటి. ఈ సమాచారమంతా సూపర్ కంప్యూటర్‌లోకి పోతుంది.

కంప్యూటర్ భూమిని గళ్లుగళ్లుగా విడగొట్టి లెక్క వేస్తుంది. మన దేశం వాడుతున్న నమూనాలో గడి వెడల్పు సుమారు 12 కిలోమీటర్లు ఉండేది. 2025 మే 26న ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌తో అది 6 కిలోమీటర్లకు తగ్గింది. ఇది చాలా పెద్ద మెట్టు. అయినా వల కన్ను ఇంకా పెద్దదే, చేప చిన్నది. ఐదు కిలోమీటర్ల మేఘం ఆరు కిలోమీటర్ల గడిలో స్పష్టంగా పట్టుబడదు. "ఈ జిల్లాలో మేఘాలు లేచే పరిస్థితి ఉంది" అని చెప్పగలదు, ఊరి పేరు చెప్పలేదు.

గడి ఇంకా చిన్నదైతే సరిపోతుందా అంటే, అదీ కాదు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త తన కంప్యూటర్ లెక్కను మధ్యలోంచి మళ్లీ మొదలుపెడుతూ 0.506127 బదులు 0.506 అని కొట్టాడు. కొద్దిసేపటికి రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి పొంతన లేని వాతావరణాలను చూపించాయి. అంత చిన్న తేడా అంత దూరం లాక్కుపోతే, గుట్ట పక్కన మన కంట పడని వేడి తేడా మేఘాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చడంలో వింతేముంది?

వారాంతపు అంచనాలో ఇంకో చిక్కు ఉంది. ఆదివారం వాన శనివారం వాన మీద ఆధారపడుతుంది. శనివారం ఎక్కడైతే గట్టిగా కురిసిందో అక్కడ నేల తడిసి, మర్నాడు ఎండ కొంత ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, నేల ఆలస్యంగా కాగుతుంది. పక్కనే పొడిగా మిగిలిన చోట ముందు కాగుతుంది. శుక్రవారం నాటి బులెటిన్‌కు శనివారం సాయంత్రం ఇంకా జరగలేదు. అందుకే ఆదివారం సంగతి శనివారం రాత్రి మళ్లీ వినడం మంచిది.

మేఘం ఒకసారి పుట్టాక మాత్రం దాన్ని బాగానే పట్టుకోవచ్చు. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నంలోని డాప్లర్ రాడార్లు మేఘంలోని బొట్లకు తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి వాన ఎక్కడుంది, ఎటు కదులుతోంది, ఎంత వేగంతో అన్నది చెబుతాయి. వాటి ఆధారంగా వచ్చే రెండు మూడు గంటలకు జిల్లాల పేర్లతో హెచ్చరికలు వస్తాయి. శుక్రవారం మాట ఏ రోజు జాగ్రత్తగా ఉండాలో చెబుతుంది. సాయంత్రం మూడింటి మాట ఎప్పుడు లేవాలో చెబుతుంది. నా ఉద్దేశంలో మన దగ్గర లోపం అంచనాలో కన్నా, ఈ రెండో మాట కళ్లం దగ్గరున్న మనిషికి వేళకు చేరకపోవడంలో ఎక్కువ ఉంది.

పాతిక శాతం ఎవరికి ఎంత?

నూటికి పాతిక అంటే తక్కువే అనిపిస్తుంది. ఆరుబయట పెళ్లి భోజనాలు పెట్టుకున్నవారికి అది షామియానా గట్టిగా కట్టుకోవాల్సినంత. కళ్లంలో మిర్చి ఆరబోసిన గుంటూరు, ఖమ్మం రైతులకు అది రాత్రి నిద్ర పట్టనంత. కాసేపు పరదా కప్పడానికి అయ్యే శ్రమ ఎంత, కప్పకపోతే పోయేది ఎంత అని తూచుకుంటే పాతిక శాతానికే కాదు, పది శాతానికీ కప్పాల్సిందే. అదే వాన దుక్కి దున్నాలని చూస్తున్న మెట్ట రైతుకు వరం. భరణి కురిస్తే ధరణి పండును అన్న సామెత ఏప్రిల్ చివర మొదలయ్యే ఈ కార్తె గురించే. ఒకే మేఘం కింద ఒక చేనుకు మేలు, పక్క కుప్పకు నష్టం.

పిడుగు విషయంలో మాత్రం ఎవరికీ రెండో ఆలోచన అక్కర్లేదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది పొలాల్లో పని చేసేవాళ్లు, పశువులు, గొర్రెలు కాసేవాళ్లు. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడే వరకు సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరిమితే మేఘం పది కిలోమీటర్లలో ఉంది, పిడుగు మీదాకా రాగలదు. "అర్జునా ఫల్గుణా" అనుకుంటూనే పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన బస్సులోకో, కారులోకో చేరుకోవాలి. చెట్టు కిందికి, అందులోనూ ఒంటరి తాటిచెట్టు కిందికి వెళ్లకూడదు. రబ్బరు చెప్పులు పిడుగును ఆపవు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగు ముప్పును ముందే చూపిస్తుంది. పొలానికి పోయే ప్రతి ఫోన్లో అది ఉండాలని నా కోరిక.

ఆ శుక్రవారం రాత్రి మామకు నేను చెప్పింది ఇది: "ఏ ఊరో చెప్పలేరు మామా. కానీ రెండు రోజులూ మూడు దాటాక కుప్ప మీద పట్టా ఉండాలి. పొద్దున ఎండకు తీసి నేర్పుకో, మధ్యాహ్నం అన్నం తిని లేవగానే కప్పేయ్." సరేనన్నాడు.

వాన లెక్క సోమవారం ఎనిమిదిన్నరకు తీస్తారు. మామ ఫోన్ ఏడింటికే వచ్చింది.

"ఆ ఒకటి పక్కూరుదైంది అల్లుడా. మూడు కిలోమీటర్లు లేదు. మనకాడ గాలి, దుమ్ము, నాలుగు చినుకులు. ఆళ్ల కుప్పలన్నీ నానినయి. మా పట్టాలు ట్రాక్టర్లేసుకొని పోతున్నం, పొద్దెక్కేలోపు వడ్లు తిరగబోయాలె. మళ్ల చేస్త."